చెవి వెనక చేప

అది కాదమ్మా కోడలా, ఆ చివరి ముక్క కొట్టెయ్. అది మీ మామ వన్నూరప్ప తన తరఫున చెప్పుకున్న మాట. ఇక్కడి నుంచి నువ్వు రాసేదంతా నా మాట. గొంతు ఆయనదే అనుకో. ఏం చేయను, మాకు సొంత గొంతు ఎక్కడుంటుంది? తెర వెనక ఎవరు నిలబడితే వాళ్ళ గొంతే మాది. మీ మామకు ఎనభై దగ్గర పడ్డాయి, మాటకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటాడు. తొందరపెట్టకు. అంగన్‌వాడీలో పిల్లల చేత అక్షరాలు దిద్దించేదానివి, నీకు ఓపిక కొత్త కాదు.

నేను ఒక తోలుబొమ్మను. ఆడబొమ్మను. నిలబెడితే నీ నడుం దాకా వస్తాను. ఇప్పటి బొమ్మల్లా మేకతోలు కాదు, జింక తోలు. దీపం ముందు పట్టుకుంటే తేనెలా వెలుగుతాను. నన్ను ఎవరు కోశారో, ఏ ఊళ్ళో కోశారో, ఏ పాత్ర కోసం కోశారో నాకు తెలియదు. నాకు గుర్తున్న మొదటి సంగతి ఇసుక.

మీ ఇంట్లో ఆచారం నీకు తెలుసు గానీ, ఇది చదివేవాళ్ళందరికీ తెలియకపోవచ్చు. రాసుకో. బొమ్మ పాతబడి తోలు పగిలితే, దాని మీద కొత్త తోలు పరిచి, గీతకు గీత గీసి, అచ్చంగా అలాంటిదే ఇంకొకటి కోస్తారు. అన్నిటికంటే చివర కొత్తబొమ్మకు కళ్ళు తెరుస్తారు, అంటే కంటి చోట చిల్లు పొడుస్తారు. అదే రోజు పాతబొమ్మ వెన్నుబద్ద ఊడదీసి, చేతుల ముడులు విప్పి, పసుపు కుంకుమ పెట్టి ఏటికి ఇచ్చేస్తారు. ఇంట్లో మనిషి పోయినట్టే ఆ పూట పొయ్యి వెలిగించరు. ఒకే బొమ్మ రెండు చోట్ల కళ్ళు తెరుచుకొని ఉండకూడదని వాళ్ళ నమ్మకం.

నన్నూ ఎవరో అలాగే ఏటికి ఇచ్చారు. అంటే నేను ఒకసారి చచ్చినదాన్నే. వరద తీశాక చిత్రావతి ఇసుకలో ముఖం ఆకాశానికి పెట్టి పడి ఉంటే సిందే భీమప్ప, అంటే మీ మామకు తాత, చూశాడు. ఏటికిచ్చిన బొమ్మను ముట్టకూడదని ఆయనకు తెలుసు. అటు చూశాడు, ఇటు చూశాడు. ఎవరూ లేరు. పైపంచెలో చుట్టి తన ఊరు ఎర్రదొడ్డికి తెచ్చేశాడు. నా బతుకులో మొదటి దొంగతనం అది. పోయింది ఏటి సొమ్ము కనుక ఫిర్యాదు చేసేవాళ్ళు లేకపోయారు.

భీమప్ప భార్య గడపలోనే అడ్డం నిలబడింది. “ఎవురి పీనుగునో ఇంటికి మోసుకొచ్చినావే! పెట్టుకునే దానికి సోటు సాలదని ఏడుస్తాంటే.”

“పీనుగు కాదే. సుట్టం.”

“ఎవురి తట్టు సుట్టం?”

భీమప్ప ఆమె పక్క నుంచి దూరి లోపలికి వచ్చేశాడు. ఆ ప్రశ్నకు జవాబు ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

నాకు చేతులు లేవు. పాత పెట్టెలో విరిగిన ఒక రాణిబొమ్మ ఎడమ చెయ్యి, ఒక దాసిబొమ్మ కుడి చెయ్యి తెచ్చి కట్టాడు. అందుకే ఒక చేత్తో దీవెన బాగా కుదిరేది, ఇంకో చేత్తో వడ్డన. రెండూ కలిపి దండం పెట్టాల్సి వస్తే మాత్రం ఒకటి పైకి, ఒకటి కిందికి. నా కుడి చెవి వెనక, జడ మొదట్లో, బియ్యపు గింజంత చేప ఆకారంలో ఒక చిల్లు ఉంది. సిందేవాళ్ళు ఎవరూ అలాంటి చిల్లు కోయరు. నన్ను చేసినవాడి చేవ్రాలు అదొక్కటే. నేను ఎవరినో తెలియదు గనుక ఏ కథలో ఏ ఆడది తక్కువైతే ఆ వేషం నాకు కట్టేవారు. ఈవేళ రాణిని, రేపు రాణికి నీళ్ళందించే దాసిని. పేరు పెట్టలేక ‘ఆయమ్మ’ అనేవారు.

పెట్టెలో కూడా నాకు చోటు కుదిరేది కాదు. అడుగున రాక్షసులు, పైన దేవతలు, వాళ్ళిద్దరూ తగువు పడకుండా మధ్యలో నవ్వించే బొమ్మలు. నేను దేవతనో రాక్షసినో ఎవరు చెప్పాలి? అన్నిటికీ పైన, మూత కింద, విడిగా ఒక పాత చీర ముక్క వేసి పడుకోబెట్టేవారు. పెట్టె నిండా జనం, నాకు పక్కన ఎవరూ ఉండేవారు కాదు.

భీమప్ప మనవళ్ళ కాలానికి నా రోజులు మారాయి. పెద్దవాడు వన్నూరప్ప, చిన్నవాడు కుళ్ళాయప్ప. వన్నూరప్పకు చేతులు ఇచ్చాడు దేవుడు, కుళ్ళాయప్పకు గొంతు. తోలు నానబెట్టి, వెంట్రుక గీకి, మేకులు కొట్టి ఎండబెట్టి, ఉలి పట్టి వన్నూరప్ప చిల్లులు కొడుతుంటే వాన చినుకులు పడ్డట్టు ఉండేది. తెర వెనక నన్ను ఆడించేది ఆయనే. కానీ ఆడగొంతుతో నా మాట, నా పాట, నా ఏడుపు తమ్ముడివి. సన్నటి గొంతు, కొసలో చిన్న జీర. చేతిలో ఇత్తడి తాళాలు. ఆ గొంతు నా లోపలి నుంచే వస్తోందని నాకే అనిపించేది. ఊళ్ళవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ వచ్చి అడిగే మాట ఎప్పుడూ ఒకటే. “ఆ పాడినాయప్ప యాడప్పా? ఒకసారి సూడల్ల.”

ఆడించినాయన ఎవరని ఒక్కరూ అడగలేదు. చేతులు తెర చాటున ఉంటాయి కదా, ఎవరికి తడుతుంది? వన్నూరప్ప నవ్వుతూ తమ్ముడిని ముందుకు తోసేవాడు. ఆ నవ్వు ఏడాదికేడాది చిక్కిపోవడం నా వెన్నుబద్ద పట్టుకున్న వేళ్ళల్లో నాకు తెలిసేది.

కుళ్ళాయప్పకు ఒక అల్లరి ఉండేది. నన్ను పెట్టెలో పెడుతూ అన్నను రెచ్చగొట్టేవాడు. “ఆయమ్మ ఎవురో నాకు తెలుసున్నా.”

“ఎవురురా?”

“సెప్పను. నువ్వు నన్ను ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, బాగా పాడినావని అను. అప్పుడు సెప్తా.”

“పోరా, నీ మొగానికి అదొకటి తక్కువ.”

అంతే. అన్న అనలేదు, తమ్ముడు చెప్పలేదు.

నలభై ఏడేళ్ళ కింద, వరసగా మూడో ఏడూ వాన మొహం చాటేసిన ఏడు, ఒక జీపు వచ్చింది. బెంగుళూరు నుంచి వచ్చిన ఆసామి, నల్ల కళ్ళద్దాలు. పాతబొమ్మలు, పాతరాళ్ళు, పాతతలుపులు, పాతవి ఏవైనా సరే వెతుక్కుంటూ తిరుగుతున్నాడు. మనుషులు విచిత్రమైనవాళ్ళమ్మా. కొత్తగా ఉన్నన్నాళ్ళూ ఒక వస్తువు మొహం చూడరు, పగిలాక దాని వెంట జీపేసుకొని పడతారు. ఊళ్ళో అందరూ జీపు సారు అనేవారు. కుళ్ళాయప్ప కులాసా మనిషి, జీపు ఎక్కడమంటే సరదా. ముందు సీట్లో కూర్చొని చుట్టుపక్కల ఊళ్ళన్నీ చూపించాడు. చివరికి తమ పెట్టె కూడా తెరిచి చూపించాడు.

జీపు సారు నన్ను ఎండకు పట్టి చాలాసేపు చూశాడు. “ఎవరు చేశారు దీన్ని?”

“తెలీదు సారూ. మా తాతకి ఏట్లో దొరికిండాది.”

“అనుకున్నా. ఇది మీవాళ్ళ చేతిపని కాదు. దీని ముందు మీ బొమ్మలన్నీ అట్టముక్కలు.”

వన్నూరప్ప పక్కనే కూర్చొని ఉలి నూరుకుంటున్నాడు. తల ఎత్తలేదు. కుళ్ళాయప్పకే రోషం వచ్చింది. “ఏం సారూ, కండ్లద్దాలు తీసి సూడు. మా అన్న తల్చుకుంటే ఇట్లాటిది ఇంకోటి కోస్తాడు. పక్కపక్కన పెడితే నువ్వు కాదు, నేను గూడ కనుక్కోలేను.”

తమ్ముడు అన్నను పొగిడిన ఆ ఒక్క మాటే అన్నదమ్ములను విడదీసింది.

ఆ రాత్రి తమ్ముడు నిద్రలో ఉండగా బీగంచెవి తీసి నన్ను పెట్టెలోంచి తీశాడు; కరువుకు ఆ నెల ఆటలు లేవు, పెట్టె తెరిచేవాళ్ళు లేరు. మర్నాటి నుంచి వన్నూరప్ప మేకల పాక తలుపు మూసుకున్నాడు. నన్ను అడుగున పరిచి, పైన పల్చటి మేకతోలు పరిచి, నెలరోజులు గీతకు గీత, చిల్లుకు చిల్లు. అంత దగ్గరగా నన్ను అంతకు ముందు ఎవరూ చూడలేదు. పని చేస్తూ అప్పుడప్పుడు నాతో మాట్లాడేవాడు. “మా వాని గొంతు నా బొమ్మలో ఒక్కసారి ఇనపడల్ల. నేను కోసిందాంట్లో. అంతే ఆయమ్మా, ఇంగేం అడగను.” అన్నీ కోశాడు. నా వేరువేరు చేతులు కూడా అలాగే కోశాడు. చేప మాత్రం కోయలేదు. ఇంకొకడి చేవ్రాలు తాను పెట్టకూడదట. దొంగపనిలో కూడా నీతి చూసుకునే మనిషి!

కొత్తదానికి కళ్ళు తెరిచాడు. ఇక నన్ను ఏటికి ఇవ్వాలి. నా వెన్నుబద్ద తీసి, పసుపు పూసి, చంకన పెట్టుకొని చిత్రావతికి నడిచాడు. ఏట్లో నీళ్ళు లేవు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒట్టి ఇసుక, నడిమధ్య చెలమ తోడుకుంటున్న ఆడవాళ్ళు ఇద్దరు. ఆయన చాలాసేపు కూర్చున్నాడు. అవతలి గట్టు మీద, నేరుగా ఎదురుగా, జీపు ఆగి ఉంది. బొమ్మ ఎలాగూ చచ్చింది, ఏరు తీసుకుపోవాలి, ఏరు రాలేదు, జీపు వచ్చింది. జీపు తీసుకుపోతే ఏరు తీసుకుపోయినట్టే కదా అనుకున్నాడు. అలా అనుకోగలిగింది సిందేవాళ్ళలో ఆయనొక్కడే. ఇసుక దాటి వెళ్ళి నన్ను ఇచ్చేశాడు. జీపు సారు తన సంతోషం కొద్దీ ఒక చెక్కపెట్టె చేతిలో పెట్టాడు. అందులో మెరిసే విదేశీ ఉలులు. వన్నూరప్ప వాటిని తెచ్చి జొన్నల గంప అడుగున దాచాడు. వాటితో ఒక్క చిల్లు కూడా కొట్టలేదు.

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు. గొంతు అరువిచ్చినాయన చూశాడు, ఆయన చెప్పగా చెబుతున్నా.

నాలుగు రోజులకు పొరుగూళ్ళో ఆట. తెర మీదికి కొత్తబొమ్మ వచ్చింది. నా ముఖమే, నా నడుమే, నా నడకే. జనానికి తేడా తెలియలేదు. హార్మోనియం ఎత్తుకుంది. కుళ్ళాయప్ప తాళం వేశాడు, నోరు తెరిచాడు. మొదటి చరణం సగంలో ఆపేశాడు.

“పాడరా, జనం సూస్తాండారు,” అన్నాడు అన్న, పళ్ళ బిగువున.

“ఇది ఆయమ్మ కాదన్నా.”

“ఏం మాట్లాడ్తాండావు? పాడు.”

“తోలు చప్పుడు వేరేగ ఉండాది. యాడికి పంపియ్యల్ల గొంతు? ఆడ ఎవురూ లేరు.”

తెర ముందు ఈలలు, కేకలు. దీపం ఆర్పాల్సి వచ్చింది. ఆయమ్మను ఎవరో దొంగిలించి మారుబొమ్మ పెట్టారని తెల్లారేసరికి ఊరంతా పాకింది.

పెద్దమనుషులు వేపచెట్టు నీడన కూర్చున్నారు. కుళ్ళాయప్పను నడిమధ్య నిలబెట్టారు.

“పెట్టె బీగంచెవి నీ మొలతాడుకే గదరా ఉండేది?”

“అవునప్పా.”

“జీపులో ఊరూరూ తిరిగింది నువ్వే గదా?”

“నేనే.”

“అట్లయితే వినాయకుని బొమ్మ తాకి ప్రమాణం చెయ్. తియ్యలేదని సెప్పు.”

కుళ్ళాయప్ప బొమ్మ వైపు చూడలేదు. అన్న వైపు చూశాడు. ఆ కోత ఎవరి చేతిదో అతనికి అప్పటికే తెలుసు. ఇరవై ఏళ్ళు ఆ చేతుల పక్కన నిలబడి పాడినవాడు. “నేను ప్రమాణం చెయ్యనప్పా. మా అన్నని అడగండి. ఆయప్ప నన్ను దొంగ అంటే నేను దొంగనే.”

అందరూ వన్నూరప్ప వైపు తిరిగారు. వన్నూరప్ప తన గోళ్ళ సందుల్లో ఎండిన ఎర్రరంగు గీక్కుంటూ కూర్చున్నాడు. అవునని అనలేదు. కాదని అనలేదు. నిజం చెబితే ఇంకో నిజం కూడా బయటపడుతుంది. నెలరోజులు ప్రాణం పెట్టి కోసిన బొమ్మ తమ్ముడి ముందు ఒక్క చరణం కూడా నిలవలేదని ఊరంతా వింటుంది. దానికి సిగ్గుపడ్డాడు. అంతేనమ్మా. ఇంత చిన్న సిగ్గు.

పెద్దమనుషులు పోలీసు స్టేషన్‌లో కాగితం రాయించారు. బొమ్మ పోయిందని, సిందే కుళ్ళాయప్ప మీద అనుమానమని. ఆ సాయంత్రం కుళ్ళాయప్ప తన ఇత్తడి తాళాలు తెచ్చి అన్న గడప మీద పెట్టి రైలుకు పోయాడు. మీ అత్త సుంకమ్మ అంతకు ముందే జొన్నల గంప అడుగున ఉలుల పెట్టె చూసింది. ఎవరికీ చెప్పలేదు. కంచం ముందు పెడుతూ మొగుడిని అడిగింది. “తెర ఎనకాల అన్ని మాటలు సెప్పిస్తావు. తెర లేకపోతే నోరే లేదా నీకి?” ఆ తర్వాత ఆమె పోయేదాకా ఆ ఇంట్లో ఎవరూ ఆయమ్మ మాట ఎత్తలేదు.

ఇక నా సంగతి. జీపు సారు నన్ను రెండు అద్దాల మధ్య బిగించి, చల్లటి గదిలో, తెల్లగోడకు తగిలించాడు. వెనక దీపం లేదు. వెనక దీపం లేని తోలుబొమ్మ అంటే ఏమిటి? తోలు. నా పక్కన ముక్కు విరిగిన రాతిదేవతలు, ఏ గుళ్ళోంచో ఊడివచ్చిన ఇత్తడి తలుపులు. వాళ్ళ కథలూ నాలాంటివే అయి ఉంటాయి. ఒకరికొకరం చెప్పుకోలేదు. విందులకు వచ్చినవాళ్ళు గ్లాసులు పట్టుకొని నా ముందు ఆగేవారు. ఎవరీమె అని అడిగితే జీపు సారు ఒకరికి రెండువందల ఏళ్ళదని చెప్పేవాడు, ఇంకొకరికి నాలుగువందలని. విందు విందుకీ నా వయసు పెరిగేది. ఒకసారి నేను రాజుగారి అంతఃపురంలో ఉన్నానట కూడా. విన్నవాళ్ళు తల ఊపేవారు. పాట వినిపించిందా అని ఎవరూ అడగలేదు. నలభై ఏళ్ళ పైన అలా గడిచాయి.

ఆసామి పోయాక ఆ ఇంటి మీద సోదా జరిగింది. గుళ్ళ నుంచి పోయిన విగ్రహాలు దొరికాయి. వాటితో పాటు నన్నూ దించి, అట్టపెట్టెలో పెట్టి, లక్క ముద్ర వేశారు. పోయిన వస్తువుల జాబితాలు తిరగేస్తున్న ఒక అధికారిణి, వసుంధర అని, ఎక్కడో బూజుపట్టిన కట్టలోంచి ఎర్రదొడ్డి కాగితాన్ని బయటికి లాగింది. మామకు కబురు వచ్చింది. ఆ రోజు నువ్వూ ఆయన వెంట ఉన్నావు, అయినా రాసుకో. నువ్వు బయట బల్ల మీద కూర్చున్నావు. లోపల జరిగింది నీకు తెలియదు.

నన్ను బల్ల మీద పరిచారు. నలభై ఏడేళ్ళ తర్వాత వన్నూరప్ప నన్ను చూశాడు. నా మీద చెయ్యి వేయలేదు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ఆ అమ్మాయి మంచిదే. కాగితం ముందుకు జరిపి నిదానంగా చెప్పింది. “పెద్దాయనా, ఇది మీ బొమ్మేనని, ఈ పాత ఫిర్యాదులో ఉన్నట్టు మీ తమ్ముడు తీసి అమ్మాడని ఇక్కడ వేలిముద్ర వేస్తే, ఇది దొంగసొత్తు అవుతుంది. దొంగసొత్తు అయితేనే మీ ఇంటికి తిరిగి ఇవ్వగలం. ఆయనకు కూడా వయసైపోయింది, ఇప్పుడు ఎవరూ ఏమీ చేయరు. ఒట్టి కాగితం.”

“వేయకుంటేనో?”

“ఎవరైనా ఇష్టపడి ఇచ్చినదైతే మ్యూజియానికి పోతుంది.”

వన్నూరప్ప నన్ను చూశాడు. ఒక్క వేలిముద్ర. నేను ఇంటికి వచ్చేస్తాను, నా వెనక దీపం వెలుగుతుంది. ఆయన బతుకులో మిగిలిన కోరిక అదొక్కటే, అది నాకంటే ఎవరికి బాగా తెలుసు? ఆయన సిరా డబ్బా దగ్గరికి చెయ్యి చాపాడు కూడా. బొటనవేలు అక్కడే ఆగింది.

తర్వాత సంచిలోంచి గుడ్డ చుట్ట ఒకటి తీశాడు. విప్పితే కొత్తబొమ్మ. కొత్తదేమిటి, ఆమెకూ నలభై ఏడేళ్ళు. ఆ రాత్రి తర్వాత మళ్ళీ తెర ఎక్కనిది. ఆమెను నా మీద పరిచి, ఇద్దరినీ కలిపి ఎత్తి కిటికీ వెలుతురుకు పట్టాడు.

“సూడమ్మా. సిల్లుకి సిల్లు కలిసిందా?”

“కలిసింది.” ఆ అమ్మాయి దగ్గరికి వచ్చింది. నా చిల్లులన్నిటిలోంచీ, ఆమె చిల్లులన్నిటిలోంచీ వెలుతురు పడి బల్ల మీద చుక్కలు చుక్కలుగా మెరిసింది.

“సెవి ఎనకాల సూడు.”

అక్కడ మాత్రం చీకటి.

“పైదాన్ని కోసింది ఈ సేతులే. అడుగుదాన్ని జీపు సారు సేతిలో పెట్టింది గూడ ఈ సేతులే. మా తమ్మునికి ఏం తెలీదు. వాడు బాగా పాడ్తాడు. అంతే వాడు చేసిన తప్పు. అట్ల రాసుకో తల్లీ, దానికి వేలిముద్ర ఏస్తా.”

అలా నేను ఇంటికి రాలేదు. మారుబొమ్మను కూడా సాక్ష్యమని సంచిలో పెట్టి, అంకె వేసి, బీరువాలో తాళం వేశారు. నన్ను కళ అని మ్యూజియంలో పెట్టారు. మీ మామ ఖాళీ గుడ్డ మడతపెట్టుకొని బయటికి వచ్చాడు. ఏమైంది మామా అని నువ్వు అడిగావు. ఆకలేస్తోందన్నాడు.

ఇప్పుడు నేను పెద్ద హాల్లో గాజు వెనక ఉన్నాను. కింద చీటీలో ‘స్త్రీ. చేసినవారు తెలియదు. పాత్ర తెలియదు.’ అని ఉంది. పిల్లలు వరసగా వచ్చి వరసగా పోతారు. ఈసారి ఎవరో పుణ్యాత్ములు వెనక చిన్న బల్బు పెట్టారు. సాయంత్రం తలుపులు వేసేదాకా వెలుగుతాను. గోడ మీద చేప నీడ కూడా పడుతుంది, బియ్యపు గింజంత. చూసేవాళ్ళు లేరు గానీ పడుతుంది. అన్నీ ఉన్నాయి. గొంతు ఒక్కటే లేదు.

అందుకే ఇంత రాయించింది. ఇది తీసుకొని గుంతకల్లు పో తల్లీ. స్టేషన్ వెనక వీధిలో కుళ్ళాయప్ప కూతురు ఇల్లు, ముందు టీ బంకు ఉంటుంది. ఆయనకు చూపు పోయిందట, ఎడమ చెవి కూడా సరిగా వినపడదట. కుడి పక్కన కూర్చొని నిదానంగా, మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించు. మధ్యలో తిడితే తిట్టనివ్వు. క్షమించమని అడగకు, అది మీ మామ వచ్చి అడగాల్సిన మాట. బాగా పాడినావురా అని మాత్రం చెప్పు, మీ అన్న అన్నాడని చెప్పు. ఆ తర్వాత నేనెవరినో అడుగు. చెబితే సరే. చెప్పకపోతే రెట్టించకు.

ఆయన గడప మీద వదిలిపోయిన ఈ ఇత్తడి తాళాలు ఆయన చేతికి అందేటట్టు పక్కన పెట్టి లేచి రా. గడప దాటాక ఒక్క నిమిషం నిలబడు. లోపలి నుంచి తాళం వినిపిస్తే వచ్చి మీ మామకు చెప్పు. వినిపించకపోతే అదీ వచ్చి చెప్పు. అబద్ధం మాత్రం చెప్పకు.